చలికాలం ముంగిట గెల వేసిన అరటి: గడ్డమంచు నుంచి కాపాడుకోవడం ఎలా?

ప్రశ్న: మా పెరట్లో పొట్టి కావెండిష్ అరటి ఉంది. బోదె రెండు మీటర్ల ఎత్తు, పచ్చగా ఉన్న ఆకులు పదకొండు. ఎండాకాలంలో వేస్తుందనుకున్న గెల శరదృతువు చివర్లో గాని బయటపడలేదు. ఏడు హస్తాలు విచ్చుకున్నాయి, కాయలు ఇంకా వేలెడే ఉన్నాయి. మూడు నాలుగు వారాల్లో గడ్డమంచు పడే రాత్రులు మొదలవుతాయి. ఏటా పది పన్నెండు రాత్రులు సున్నా డిగ్రీలకు దిగుతుంది, రెండు మూడు రాత్రులు మైనస్ 3 దాకా వెళ్తుంది. పగలు 12 నుంచి 15 డిగ్రీలు ఉంటుంది. ప్లాస్టిక్ షీటు కప్పితే సరిపోతుందా? ఆకులన్నీ కోసేయమని ఒకరు, పొగ పెట్టమని ఇంకొకరు చెబుతున్నారు. చెట్టును తవ్వి లోపలికి తెచ్చుకోవచ్చా?

జవాబు: ముందు ఆకుల సంగతి తేల్చుకుందాం. వాటిని కోయకండి. మీ గెల భవిష్యత్తు మొత్తం ఆ పదకొండు ఆకుల మీదే ఉంది. అరటిలో పువ్వు బయటికి వచ్చిందంటే ఆ బోదెలో ఆకులు పుట్టే మొన పువ్వుగా మారిపోయిందని అర్థం. ఇకమీదట ఆ చెట్టుకు ఒక్క కొత్త ఆకు కూడా రాదు. పూత రాని చెట్టుకు మంచు తగిలి ఆకులన్నీ మాడినా, బోదె బతికుంటే వేడి తిరిగి రాగానే మొవ్వు తోసుకొస్తుంది. మీ చెట్టుకు ఆ అవకాశం లేదు. గెల కోసే నాటికి కనీసం నాలుగైదు మంచి ఆకులు మిగలకపోతే కాయ నిండదు. సన్నగా, కోణాలు తేలి అలాగే ఉండిపోతుంది.

రెండోది, చలికాలంలో కాయ ఊరుతుందని ఆశ పెట్టుకోకండి. అరటి బాగా ఎదిగేది 25 నుంచి 30 డిగ్రీల మధ్య. 14–15 డిగ్రీల కింద ఎదుగుదల దాదాపు ఆగిపోతుంది. వెచ్చని వాతావరణంలో పువ్వు పడ్డ 80 నుంచి 120 రోజుల్లో గెల కోతకు వస్తుంది. మధ్యలో చలికాలం అడ్డుపడితే ఆరు నెలలు దాటినా ఆశ్చర్యం లేదు. పగలే 12–15 డిగ్రీలు ఉండే చోట మీ గెల ఉన్నది ఉన్నట్టే ఆగి ఉంటుంది. ఆకులు, బోదె, గెల కాడ ఈ మూడూ చావకుండా వసంతం దాకా నిలిస్తే అప్పుడు మళ్లీ కదిలి కాయ నింపుకుంటుంది. మీ ప్రయత్నమంతా ఆ నిలబెట్టడం కోసమే. అలా గట్టెక్కిన గెల కూడా వేసవి గెలంత బాగుండదు. కాయ చిన్నగా, తొక్క కాస్త మసకగా ఉంటుంది. దానికి సిద్ధపడితేనే కింద చెప్పే శ్రమంతా పెట్టండి.

చెట్టులో ఏ భాగం ఎంత చలికి దెబ్బతింటుందో తెలిస్తే ఏ రాత్రి ఏం చేయాలో తెలుస్తుంది. కాయ తొక్కకు 13 డిగ్రీల దగ్గరే చలిదెబ్బ మొదలవుతుంది. తొక్క కింద గోధుమరంగు చారలు పడతాయి, పండినప్పుడు నిండు పసుపు రాదు. కాయ మాత్రం తినడానికి పనికొస్తుంది. ఆకు సున్నా దగ్గర, లేదా ఒక డిగ్రీ కిందికి పోగానే మాడుతుంది. ముందు నీళ్లలో నానినట్టు ముదురాకుపచ్చగా మారి, ఒకటి రెండు రోజుల్లో గోధుమరంగుకు తిరిగి వేలాడుతుంది. బోదె మైనస్ 2, మైనస్ 3 దాకా కొద్ది గంటలు ఓర్చుకుంటుంది. అంతకు మించితే లోపలి పొరలు గడ్డకట్టి కుళ్లుతాయి. గెల కాడ దుంప దగ్గర నుంచి ఈ బోదె మధ్యలోంచే పైకి వస్తుంది కాబట్టి బోదె పోతే గెలా పోయినట్టే. నేలలో ఉన్న దుంప అన్నిటికంటే గట్టిది. దాని చుట్టూ మట్టి గడ్డకట్టనంత వరకు బతికే ఉంటుంది. మీరు చెప్పిన మైనస్ 3 రాత్రుల్లో ఏ కప్పూ లేకపోతే ఆకులు కచ్చితంగా పోతాయి, బోదె అనుమానం, దుంపకు భయం లేదు.

థర్మామీటర్ ఎక్కడ పెట్టారన్నది కూడా చూసుకోండి. వాతావరణ సూచనలో చెప్పే అంకె మనిషి ఎత్తులో, నీడ పెట్టెలో కొలిచినది. మబ్బు లేని, గాలి లేని రాత్రి ఆకు తన వేడిని నేరుగా ఆకాశంలోకి వదులుతుంది. అందువల్ల చుట్టూ ఉన్న గాలి కంటే ఆకు ఒకటి నుంచి మూడు డిగ్రీలు ఎక్కువ చల్లబడుతుంది. సూచన 2 డిగ్రీలన్నా ఆకు మీద మంచు పేరుకోవచ్చు. కనిష్ఠ, గరిష్ఠ ఉష్ణోగ్రతలు రెండూ గుర్తుంచుకునే థర్మామీటర్ ఒకటి గెల ఎత్తులో వేలాడదీయండి, ఇంకొకటి కప్పు బయట పెట్టండి. నాలుగైదు రాత్రులు రెండూ పోల్చి చూస్తే మీ కప్పు నిజంగా ఎన్ని డిగ్రీలు కాపాడుతోందో తెలిసిపోతుంది. అది తెలియకుండా మైనస్ 3 రాత్రిని ఎదుర్కోవడం గుడ్డిగా చేసే పని.

ఇప్పటి నుంచి మంచు మొదలయ్యే లోపు చేయాల్సినవి కొన్ని ఉన్నాయి. నత్రజని ఎరువు ఏదైనా వేస్తుంటే ఈరోజే ఆపేయండి. చలి ముందు నత్రజని అందితే కణజాలం మెత్తబడి మంచుకు సులువుగా లొంగుతుంది. అసలు తొలి మంచుకు ఆరు నుంచి ఎనిమిది వారాల ముందే ఆపాల్సింది. పొటాష్ మంచిదే. సల్ఫేట్ ఆఫ్ పొటాష్ లీటరు నీటికి 5 గ్రాముల చొప్పున కలిపి గెల మీదా ఆకుల మీదా తడిసేలా, వెచ్చగా ఉన్న రోజు ఉదయం ఒకసారి పిచికారీ చేయవచ్చు. నేల చల్లబడ్డాక వేరు పెద్దగా ఏదీ తీసుకోదు కాబట్టి చెట్టు మొదట్లో గుప్పెళ్లకొద్దీ ఎరువు పోసి లాభం లేదు.

గెల బరువు తగ్గించండి. ఆడ హస్తాలన్నీ విచ్చుకుని, ఆపైన వచ్చే రేకుల కింద కాయ కట్టని పువ్వులే కనబడుతున్నాయంటే చివరి హస్తానికి 15 సెంటీమీటర్ల కింద మగమొగ్గను కోసేయండి. ఏడు హస్తాల్లో కింది రెండు మూడు తీసేసి నాలుగైదు ఉంచడం మంచిది. చలి తర్వాత మిగిలే ఆకులు ఏడు హస్తాలను నింపలేవు, నాలుగింటిని నింపగలవు. చివరి హస్తాన్ని తీసేటప్పుడు ఒక్క కాయను మాత్రం వదిలేయండి. దానికి నీరూ సారమూ అందుతూ ఉంటే కాడ కొస ఎండి కుళ్లు పైకి పాకదు. ఈ కోతలన్నీ పొడిగా ఉన్న మధ్యాహ్నం పూట చేయండి. కారే పాలు మిగతా కాయల మీద పడితే నల్ల మచ్చలవుతాయి, బట్టల మీద పడితే పోదు.

బోదె పక్కన రెండు వెదురు బొంగులను గుణకారం గుర్తులా కట్టి, మెడ (గెల కాడ బయటికి వచ్చే చోటు) కింద ఆనేలా ఊతం ఇవ్వండి. ఊతం లేని చెట్టు మీద కప్పు వేస్తే తెరచాపలా గాలి పట్టి గెలతో సహా పడుతుంది. తాడు నేరుగా బోదెను కోసేయకుండా మధ్యలో గోనెముక్క పెట్టాలి.

ఇక కప్పు. ప్లాస్టిక్ షీటు ఒక్కటే కప్పితే చాలునా అంటే, చాలదు. పలుచటి ప్లాస్టిక్ వేడిని పెద్దగా ఆపదు. ఆకుకు తగిలిన చోట ఆ చల్లదనం నేరుగా ఆకుకు పాకి మంచు లేని రాత్రి కూడా మచ్చలు పడతాయి. లోపల తడి పట్టి పొద్దున కారుతుంది. ఎండ ఎక్కితే అదే షీటు కింద గాలి 40 డిగ్రీలు దాటి ఆకు ఉడుకుతుంది. మొక్కల మీద కప్పడానికే తయారుచేసిన తెల్లటి నాన్‌వోవెన్ గుడ్డ దొరుకుతుంది. చదరపు మీటరుకు 30 నుంచి 50 గ్రాముల బరువున్నది తీసుకోండి. ఒక పొర రెండు మూడు డిగ్రీలు కాపాడుతుంది. మధ్యలో గాలి సందు ఉండేలా రెండు పొరలు వేస్తే ఇంకాస్త ఎక్కువ. అది దొరక్కపోతే పాత దుప్పట్లు, గోనెపట్టాలు పనికొస్తాయి గాని తడిస్తే వాటి బలం పోతుంది, బరువు పెరిగి ఆకుల్ని విరిచేస్తాయి. వాన సూచన ఉన్న రాత్రి గుడ్డ పైన మాత్రం ప్లాస్టిక్ వేయవచ్చు, ఆకుకు తగలకుండా.

కప్పు వేడిని తయారు చేయదు, నేలలోంచి పైకి వచ్చే వేడిని పట్టి ఉంచుతుంది. చాలామంది చేసే పొరపాటు ఇక్కడే. చెట్టు తలకాయకు గుడ్డ చుట్టి బోదె దగ్గర తాడుతో బిగిస్తారు. అలా చేస్తే నేల వేడికి లోపలికి దారే లేదు. గుడ్డ లోపలి గాలి తెల్లారేసరికి బయటి గాలితో సమానమైపోతుంది. కప్పు నాలుగు వైపులా నేలదాకా దిగాలి, అంచుల మీద ఇటుకలో మట్టో పెట్టి సందు లేకుండా మూయాలి.

మీ చెట్టుకు నాలుగు మీటర్ల పొడవున్న వెదురు బొంగులు నాలుగు కావాలి. రెండు మీటర్ల చదరం గీసి నాలుగు మూలల్లో 60 సెంటీమీటర్ల లోతున పాతండి. పైన దాదాపు 3.4 మీటర్లు నిలుస్తుంది. మీద అడ్డ బొంగులు కట్టి, ఒక వైపు కాస్త ఎత్తుగా ఉంచితే వాననీరు నిలవదు. నాలుగు గోడలు కలిపి 27 చదరపు మీటర్లు, పైకప్పు 4, అంటే 31. అతుకుల దగ్గర ఒకదాని మీద ఒకటి పరచడానికీ, నేల మీద మడత పెట్టడానికీ కలుపుకుని ఒక పొరకు 36 చదరపు మీటర్ల గుడ్డ తెచ్చుకోండి. రెండు పొరలకు రెట్టింపు. ఒక గోడను మాత్రం కుట్టేయకుండా బట్టల క్లిప్పులతో మూసేలా ఉంచండి. రోజూ తెరిచేది అదే. ఆకులు ఆ చదరంలో పట్టవు. అందుకే వాటిని ఒక్కొక్కటిగా మెల్లగా పైకెత్తి, నాలుగు వేళ్ల వెడల్పున్న గుడ్డపట్టీతో వదులుగా కట్టాలి. ఒక్కసారిగా లాగితే ఈనె పుటుక్కున విరుగుతుంది. మధ్యాహ్నం ఎండకు ఆకు కాస్త వాడి ఉన్నప్పుడు చేస్తే మాట వింటుంది. అడుగున ఉన్న ముసలి ఆకు ఒకటో రెండో బయటే ఉండిపోయినా బెంగలేదు. మెడలో గెల కాడ వంపు దగ్గర మాత్రం ఏదీ ఒత్తకూడదు.

గెలకు విడిగా ఇంకో సంచి తొడగండి. అదే నాన్‌వోవెన్ గుడ్డ రెండు మడతలుగా, పైన కాడ చుట్టూ వదులుగా కట్టి కింద తెరిచి వదిలేస్తే తేమ నిలవదు. గెలలకు తొడిగే రంధ్రాల పాలిథిన్ సంచి ఉంటే దాన్ని గుడ్డ పైన వేయవచ్చు. పగలు లోపల కొద్ది డిగ్రీల వేడి పెరిగి, కాస్త ఎండ ఉన్న రోజుల్లో కాయ కదలడానికి సాయపడుతుంది. ఎండ నేరుగా పడే వైపు పైహస్తాలకు, సంచికి మధ్య కాగితం దూర్చాలి. లేదంటే తొక్క కాలుతుంది.

బోదెను నేల నుంచి మెడ దాకా 8–10 సెంటీమీటర్ల మందాన ఎండుగడ్డితో చుట్టి, దానిపైన గోనెపట్టా వేసి పురికొసతో కట్టండి. ప్లాస్టిక్‌ను బోదె చుట్టూ బిగించి కట్టడం చెడ్డ పని. లోపల చెమ్మ దిగి, చలి చంపకపోయినా కుళ్లు చంపుతుంది. ఎండిపోయి బోదెకు వేలాడుతున్న పాత ఆకుల్ని శుభ్రం పేరుతో తీసేయకండి. బోదెకు అవే తొలి కోటు.

ఇక్కడ ఒక చిక్కుంది, అనుభవజ్ఞులు కూడా పొరబడేది. దుంపను కాపాడాలని చెట్టు చుట్టూ మీటర్ల కొద్దీ గడ్డి పరుస్తారు. దుంపకు అది మేలే. కాని గడ్డి కింద నేల వేడి పైకి రాకుండా ఆగిపోతుంది, దాంతో పైనున్న ఆకులకు ఆ రాత్రి చలి ఎక్కువవుతుంది. ఉత్త నేల, అందులోనూ గట్టిగా అణిగి తడిగా ఉన్న నేల పగటి ఎండను ఎక్కువగా దాచుకుని రాత్రి తిరిగి ఇస్తుంది. అందుకే బోదె చుట్టూ 50–60 సెంటీమీటర్ల వరకే 25–30 సెంటీమీటర్ల ఎత్తున ఎండాకులో గడ్డో పోసి, కప్పు లోపలి మిగతా నేలను ఖాళీగా ఉంచండి. పచ్చి గడ్డి కోతలు వాడకండి, అవి వేడెక్కి కుళ్లి బోదె మొదలును మెత్తబరుస్తాయి.

నీళ్ల విషయానికి వస్తే, మంచు రాత్రికి ఒకటి రెండు రోజుల ముందు, ఉదయం పూట కప్పు లోపలి నేల 20–30 సెంటీమీటర్ల లోతు తడిసేలా పెట్టండి. సాయంత్రం చన్నీళ్లు పోస్తే దాచుకున్న వేడే పోతుంది. మిగతా చలిరోజుల్లో పైన వేలి లోతు మట్టి ఆరితేనే నీరు. చల్లబడ్డ నేలలో వేరు తాగదు, నీళ్లు నిలిస్తే దుంప కుళ్లుతుంది. చలికి బతికి, వసంతంలో దుంప కుళ్లి పడిపోయే అరటి చెట్లు తక్కువేం కాదు.

మంచు పడబోయే రోజు గుర్తులు తేలికే. మధ్యాహ్నం ఆకాశం నిర్మలంగా ఉంటుంది, చీకటి పడే వేళకు గాలి నిలిచిపోతుంది, గాలి పొడిగా ఉంటుంది. గాలిలో తేమ తక్కువైతే ఉష్ణోగ్రత గబగబా దిగుతుంది. తెల్లని పొర కనబడకుండానే ఆకు నల్లబడే రాత్రులు ఇవే. అలాంటి రోజు సూర్యాస్తమయానికి రెండు గంటల ముందే కప్పు మూసేయండి. నేలలో వేడి ఉండగా మూస్తేనే లోపల నిలుస్తుంది. అర్ధరాత్రి లేచి కప్పితే అప్పటికే వేడి వెళ్లిపోయి ఉంటుంది. అన్నిటికంటే చల్లటి గడియ సూర్యోదయం చుట్టుపక్కల వస్తుంది కాబట్టి తెల్లవారుజామున బయటికి వచ్చి గండం గడిచిందని తెరిచేయకండి. బయట ఐదారు డిగ్రీలకు ఎక్కాక క్లిప్పులు తీసి ఒక గోడ తెరవండి. రోజంతా మూసి ఉంచితే తడి నిలిచి బూజు పడుతుంది, పైగా నేలకు ఎండ తగలక మర్నాటి రాత్రికి వేడి మిగలదు.

మైనస్ 3 రాత్రులకు రెండు పొరల గుడ్డతో సరిపెట్టుకోవచ్చు గాని అంచుమీద నడుస్తున్నట్టే. ఆ రెండు మూడు రాత్రులకు లోపల కొంత వేడి తోడుగా ఉంటే ధీమా. అంత పెద్ద కప్పులో ఒక పొర గుడ్డతో ఒక్క డిగ్రీ పైన నిలబెట్టడానికే అంచనాగా 150 నుంచి 200 వాట్ల వేడి కావాలి. పాతకాలపు ఫిలమెంట్ బల్బులు 100 వాట్లవి మూడు నాలుగు, నేలకు అరమీటరు ఎత్తున, గుడ్డకూ గడ్డికీ కనీసం అరమీటరు దూరంగా ఉంటే రెండు డిగ్రీల దాకా సాయం అందుతుంది. ఎల్‌ఈడీ బల్బులు వెలుగే గాని వేడి పెద్దగా ఇవ్వవు, దండగ. ఆరుబయట వాడదగ్గ వైరు, కరెంటు నేలకు పోతే తక్షణం ఆగిపోయే స్విచ్చు లేకుండా తడినేల మీద ఈ పని పెట్టుకోవద్దు. గడ్డి చుట్టిన బోదె పక్కన బల్బు ఊడిపడితే అంటుకుంటుందని మరిచిపోకండి. పొయ్యి, కుంపటి, కొవ్వొత్తి వంటివి కప్పు లోపల పెట్టనే కూడదు.

కరెంటు లేని చోట నీళ్లు. 200 లీటర్ల నీరు రాత్రంతా పది డిగ్రీలు చల్లబడితే 2.3 యూనిట్ల కరెంటుకు సమానమైన వేడి వదులుతుంది. పది గంటలకు పంచితే సగటున 230 వాట్లు. ఒకే పెద్ద డ్రమ్ము కంటే 20 లీటర్ల క్యాన్లు పది మేలు. వాటి ఉపరితలం ఎక్కువ కాబట్టి వేడి వేళకు బయటపడుతుంది. ముదురు రంగు క్యాన్లు పగలు ఎండలో ఉంచి సాయంత్రం కప్పు లోపల బోదె చుట్టూ పేర్చండి. నీరు గడ్డకట్టడం మొదలైతే ఆ గడ్డకట్టే క్రమంలోనే చాలా వేడి వస్తుంది. సున్నా దగ్గర ఒక కిలో నీరు గడ్డకడితే వచ్చే వేడి, అదే నీరు 80 డిగ్రీలు చల్లబడితే వచ్చేదానికి సమానం. అందుకే క్యాన్లలో మంచు తేలుతున్నా లోపలి గాలి సున్నాకు మరీ కిందికి పోకుండా కాస్త పట్టి ఉంచుతుంది. క్యాన్లను నిండా నింపకండి, పగులుతాయి.

పొగ సంగతి. పొగ మేఘంలా కప్పి చలిని ఆపుతుందన్నది ఎంతగా చెప్పుకున్నా నిజం కాదు. నేల వదిలే వేడికిరణాలను పొగ పెద్దగా ఆపలేదు. మంట వేసిన చోట కలిసొచ్చేది పొగ కాదు, మంట వేడి. అది కూడా చిన్న చిన్న కుప్పలు చాలా చోట్ల వేస్తేనే. ఒకే పెద్ద మంట వేస్తే వేడిగాలి నిట్టనిలువుగా పైకి పోయి, చుట్టుపక్కల చల్లగాలిని చెట్టు వైపు లాగుతుంది. ఒక్క చెట్టుకు ఇదంతా అనవసరం. తెల్లవారుజామున పొగ కమ్ముకుంటే సూర్యుడి వేడి నేలకు చేరడం కూడా ఆలస్యమవుతుంది.

నీళ్లు చిమ్మి ఆకుల మీద మంచుపొర కట్టించే పద్ధతి పెద్ద తోటల్లో వేరే పంటలకు ఉంది. అరటికి వద్దు. వెడల్పాటి ఆకు మీద మంచు బరువెక్కి ఈనె విరుగుతుంది. పైగా మొదలుపెట్టాక మంచు కరిగేదాకా ఆపకూడదు. మధ్యలో నీరు ఆగితే ఆవిరయ్యే నీరు వేడిని లాక్కుని, ఏమీ చేయని చెట్టు కంటే ఎక్కువ నష్టం చేస్తుంది.

ఇదంతా మబ్బు లేని నిశ్చల రాత్రుల మంచుకు. చలిగాలి వీస్తూ, పగలూ రాత్రీ వరుసగా సున్నా కిందే ఉండే రోజులు వస్తే నేలకు పగటి వేడి దక్కదు, గాలి కప్పులోంచి దూసుకుపోతుంది. వేడి చేసే ఏర్పాటు లేకుండా అలాంటప్పుడు ఏ గుడ్డా కాపాడదు. మైనస్ 5 వంటి సూచన వస్తే గెల మీద ఆశ వదిలి దుంపనూ పిలకలనూ చూసుకోవాలి.

గెల ముందే కోసేస్తే పండుతుందా అన్న ప్రశ్న మీరు వేయలేదు గాని అలాంటి సూచన వచ్చిన రాత్రి తప్పక వస్తుంది. కాయను అడ్డంగా చూస్తే కోణాలు గుండ్రబడి నాలుగింట మూడు వంతులు నిండినట్టుంటే కోసి పండబెట్టుకోవచ్చు. ఇప్పుడున్నట్టు వేలెడు, కోణాలు తేలిన కాయలు పండవు, వడలి ముడుచుకుపోతాయి. వాటిని పచ్చివిగానే వండుకోవడం మేలు. మూడు వంతులు నిండిన గెలనైతే పైన 20–30 సెంటీమీటర్ల కాడ ఉంచి ఇద్దరు పట్టుకుని కోయండి, కింద పడనీయకండి. 16 నుంచి 20 డిగ్రీల గదిలో వేలాడదీయండి. 13 కంటే చల్లని చోట, ఫ్రిజ్‌లో పెడితే పండకుండానే నల్లబడుతుంది. త్వరగా పండాలంటే పైహస్తం తీసి పండిన యాపిల్‌తో కలిపి కాగితపు సంచిలో మూయండి. చెట్టు మీదే మంచు కొట్టిన కాయలైతే వేరు. తొక్క నీరుపట్టినట్టు ముదురుగా, లోపలి కండ గాజులా మారి ఉంటే మర్నాటికి మెత్తబడతాయి. వాటిని పారేయాల్సిందే.

ఒక రాత్రి కప్పు జారి ఆకులు మాడాయనుకోండి. కంగారుగా కత్తి పట్టుకోకండి. మాడి వేలాడే ఆకులు తర్వాతి మంచు రాత్రి గెలకూ మెడకూ కప్పవుతాయి. చివరి మంచు గడిచాక కోయవచ్చు. ఇంకో హెచ్చరిక: పూత రాని అరటిలో చేసినట్టు, మెత్తబడ్డ బోదెను పైనుంచి పలకలుగా కోస్తూ తెల్లని కండ వచ్చేదాకా దిగడం గెల ఉన్న చెట్టుకు పనికిరాదు. మధ్యలోని గెల కాడ తెగితే ఇక ఏదీ రాదు. మెడ మెత్తబడి గెల బరువుకు వంగిపోతుంటే, లోపల పసుపు గోధుమ రంగు నీరు కారుతుంటే గెల అయిపోయినట్టే, కోసేయండి. పచ్చి ఆకులు మూడైనా మిగిలాయంటే వసంతం దాకా ఆగి చూడవచ్చు. అయితే హస్తాలు రెండే ఉంచండి.

తవ్వి లోపలికి తెచ్చుకోవడం గెల వేయని చెట్లకు సరే. గెల ఉన్న చెట్టును తవ్వితే వేర్లలో అధిక భాగం తెగిపోతుంది. కొత్త వేర్లు పెట్టే వయసు దానికి దాటిపోయింది, కాయ ఆగిపోతుంది. తొట్టెలో పెరిగిన చెట్టయితే మాత్రం సందేహం అక్కర్లేదు, 15 డిగ్రీల పైన, బాగా వెలుగు పడే చోటుకు మార్చేయండి. తొట్టెలో వేర్లకు చుట్టూ గాలి తగిలి నేలలో కంటే త్వరగా చలి పడుతుంది.

పిలకలు చూసుకోండి. అరమీటరులోపు పిలకలను ఎండాకులతో పూర్తిగా కప్పేయండి. కోళ్ల వలను 60–80 సెంటీమీటర్ల వెడల్పు గొట్టంలా చుట్టి నిండా ఆకులు పోసి, మీద వాన దిగకుండా ఏదైనా మూత పెడితే చాలు. కప్పు లోపలే ఉన్న పిలకకు ఇది కూడా అక్కర్లేదు. గెల కోశాక తల్లి బోదెను వెంటనే నేలమట్టం చేయకుండా మీటరు ఎత్తున ఉంచండి. అందులో మిగిలిన నీరూ సారమూ కొంతకాలం పిలకకు అందుతాయి.

వచ్చే ఏడాది పూత మళ్లీ చలికాలం ముంగిట రాకూడదంటే పిలకను ఇప్పుడే ఎంచుకోవాలి. ఎండాకాలంలో వారం పది రోజులకో ఆకు వేసే అరటి చలికాలంలో నెలకు ఒకటి వేయడమే గొప్ప. చిన్న పిలకలు వసంతంలో మొదలుపెడితే పువ్వు దాకా రావడానికి ఎండాకాలం సరిపోదు, మళ్లీ శరదృతువులోనే పువ్వు పడుతుంది. ఈ చలికాలంలో మోకాలు దాటి ఉన్న, మొదలు లావుగా పైకి సన్నగా, సన్నని ఆకులున్న సూదిపిలక ఒకటి ఉంటే దాన్ని ఉంచి మిగతావన్నీ తీసేయండి. మొదటి నుంచే వెడల్పాకులు వేసే సన్నమొదలు పిలకలు దుంపకు బలహీనంగా అతికి ఉంటాయి, వాటిని ఎంచుకోకండి. ఎంచుకున్న పిలక బోదెను చలినుంచి పూర్తిగా కాపాడగలిగితే అది వసంతంలో సున్నా నుంచి మొదలుపెట్టనక్కర్లేదు, ఆ మేరకు ముందుగా పూతకు వస్తుంది. గెల బతికినా పోయినా ఈ పిలకకు చుట్టిన గడ్డిని మాత్రం చివరి మంచు దాటిన రెండు వారాల దాకా విప్పకండి. తొలి వెచ్చదనానికి మొవ్వు కదిలాక ఒక్క చల్లని రాత్రి తగిలితే ఆ చలికాలమంతా కాచుకున్న ఆకు పోతుంది.